సద్దు లేని వీధిలో కాపురం

పోయిన సంచికలో ఇంగ్లండులోని యార్క్‌లో, హోల్‌గేట్ అనే పేటలో నేను నర్సుగా పనిచేస్తూ కాపురమున్న రోజుల గురించి రాశాను. అప్పటినుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు, పొదిలి వైపు నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మన జిల్లాల పిల్లలు ఇంతమంది ఆ వైపు ఉన్నారని నేననుకోలేదు. అన్నిటికీ చోటు లేదు గనుక పదిమందికీ పనికొచ్చేవి ఏరుకున్నాను. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ. అందుకని ఊరు మాత్రం చెబుతున్నాను.

అక్కా, మాది నెల్లూరు వేదాయపాళెం. యార్క్‌లో చదువుకుంటూ ముగ్గురు అమ్మాయిలం ఒక పాత ఇంట్లో అద్దెకున్నాం. మొన్న ఆదివారం చేపల పులుసు పెట్టాను. మర్నాడు పక్కింటావిడ తలుపు తట్టి, వాసన తన ఇంట్లోకి వస్తోందని చెప్పింది. కోప్పడలేదు. కానీ అప్పటినుంచి పొయ్యి వెలిగించాలంటేనే టెన్షన్. ఇక వండకూడదా?

వండు తల్లీ. నెల్లూరి పిల్లవి చేపల పులుసు మానేసి ఎట్లా బతుకుతావు? ఆవిడ నేరుగా వచ్చి నీతోనే చెప్పింది చూడు, అది మంచిదే. ఇంటి ఓనరుకో, కౌన్సిల్‌కో (అక్కడి మునిసిపాలిటీ) చెప్పకుండా నీ దగ్గరికే వచ్చిందంటే నీతో సఖ్యంగా ఉండాలనుకుంటోందని అర్థం.

మీరున్నవి గోడ గోడ కలిసిన వరస ఇళ్లు. వందేళ్లు దాటినవి, అటకలో సందులుంటాయి, నేలచెక్కల కింద గాలి ఆడుతుంటుంది. వాసన ఆ దారినే పక్కింటికి పోతుంది. వండేటప్పుడు వంటింటి నుంచి నడవాలోకి ఉండే తలుపు మూసెయ్యి, పెరటి వైపు కిటికీ తెరువు, పైన ఫ్యాను పొయ్యి వెలిగించడానికి ముందే వెయ్యి, దించాక పావుగంట ఆపకు. నడవాలో తగిలించిన ఉన్ని కోట్లు ముందే మేడమీదికి తీసుకుపో. ఉన్నికి పట్టిన పులుసు వాసన వారం దాకా వదలదు, క్లాసులో అందరికీ తెలుస్తుంది. పోపు పొగకి ఫైర్ అలారం మోగుతుందని కొందరు పిల్లలు దాని బ్యాటరీ తీసేస్తుంటారు. అది మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

వాసన కంటే నువ్వు ఎక్కువగా చూసుకోవాల్సింది చప్పుడు. రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా అక్కడ చట్టమే రాత్రిగా లెక్కిస్తుంది. ఆ వేళల్లో మిక్సీ, వాషింగ్ మెషీన్, మేడమెట్ల మీద పరుగులు వద్దు. దోసెపిండి సాయంత్రమే రుబ్బి పెట్టుకో.

ఇంకో సంగతి, నువ్వు అడగలేదు గానీ చెబుతాను. మన పులుసులో వేసే పుల్లమామిడి ఎప్పుడూ దొరకదు. బ్రామ్లీ అని పచ్చగా, పెద్దగా ఉండే వంట ఆపిల్ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది, బాగా పుల్లగా ఉంటుంది. మామిడికాయలా ముందే వేస్తే గుజ్జైపోతుంది కాబట్టి ముక్కలు చివర్లో వెయ్యి. చేపకి మన కానాగంతల లాంటి మాకెరెల్ తీసుకో, చవక, పులుసుకి బాగుంటుంది.

అమ్మా, మాది కావలి. మా పాప యార్క్‌లో కొత్తగా కాపురం పెట్టింది. అల్లుడు రోజూ రైలెక్కి లీడ్స్‌కి ఉద్యోగానికి పోతాడు. పాపకి ఇప్పుడు ఏడో నెల. వీడియో కాల్‌లో వీధి చూపిస్తే ఒక్క మనిషి కనపడడు, పిల్లల కేక వినపడదు, తలుపులన్నీ మూసే ఉంటాయి. పక్కింటివాళ్ల పేరేమిటంటే తెలియదంటుంది. పొద్దస్తమానం ఒక్కతే. ఏదన్నా అయితే ఎవరు చూస్తారు? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

అమ్మా, మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. మీరు చూస్తున్నది వీధి ముందువైపు. అక్కడ మనలాగా వాకిలి, అరుగు లేవు. చలి దేశం కాబట్టి ముందు తలుపు మూసే ఉంచుతారు. పగలు పనికి పోయినవాళ్లు పోగా, ఇంట్లో ఉన్నవాళ్లంతా పెరటి వైపు ఉంటారు. వంటిల్లు అటే, తోట అటే, బట్టలారేసేదీ అటే. పాపని ఎండ ఉన్న రోజు పెరట్లో నిలబడి ఫోన్ చెయ్యమనండి. కంచె అవతల గడ్డి కోసే మెషీన్, ఎవరో పిల్లల ఆట, ఎవరో కుక్కని పిలవడం అన్నీ వినపడతాయి.

నేను చేరిన కొత్తలో నాకూ ఆ వీధి మనుషుల్లేని వీధిలాగే తోచింది. అక్కడ చెత్తబుట్ట చక్రాలది, ఒక వారం మామూలు చెత్త, తర్వాతి వారం రీసైక్లింగ్. లారీ వచ్చే రోజు వీధిలో పెట్టి, ఖాళీ అయ్యాక మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి. నైట్ డ్యూటీ వారాల్లో నేను పొద్దున వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా మెలకువ ఉండేది కాదు. లేచి చూస్తే బుట్ట మా తలుపు పక్కన ఉండేది. ఎవరు తెచ్చి పెడుతున్నారో చాలాకాలం తెలియలేదు. చివరికి ఒక రోజు చూశాను. ఎదురింటి పెద్దాయన. హోల్‌గేట్‌లో రైలు పెట్టెలు తయారుచేసే పెద్ద కర్మాగారం ఉండేది, 1990ల్లో మూతపడింది. ఆయన జీవితమంతా అందులో చేశారు. ఆ వీధుల్లో ఇళ్లు చాలావరకు రైల్వే కార్మికుల కోసం లేచినవే. మా నాన్న బిట్రగుంట లోకో షెడ్‌లో పనిచేశారని నేను చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. బిట్రగుంట ఎక్కడ, ఏ ఇంజన్లు వచ్చేవి, బొగ్గు ఎక్కడినుంచి వచ్చేది, ఒకటే ప్రశ్నలు. అన్నాళ్లూ నాతో 'గుడ్ మార్నింగ్' తప్ప మాట్లాడని మనిషి ఆ రోజు గంటసేపు రోడ్డు మీదే నిలబడిపోయారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అక్కడివాళ్లు మనల్ని గమనిస్తూనే ఉంటారు. కానీ అడగరు. మీ ఆయన జీతమెంత, ఎన్నో నెల, ఏ పరీక్ష చేశారు అని మన వీధిలో అడిగినట్టు అడిగితే అది మర్యాద కాదని వాళ్ల నమ్మకం. అడగకపోవడమే వాళ్లిచ్చే గౌరవం. అందువల్ల మొదటి మాట మన పాపే మాట్లాడాలి. 'ఇవాళ చలి ఎక్కువగా ఉంది' అంటే చాలు. వాన గురించి, చలి గురించి మాట్లాడటంతోనే అక్కడ పరిచయాలన్నీ మొదలవుతాయి. రెండోసారి పేరు చెప్పుకుంటారు. అటుపక్క, ఇటుపక్క ఇళ్ల తలుపు తట్టి, 'మాకు త్వరలో బిడ్డ పుట్టబోతోంది, రాత్రి ఏడుపు వినపడితే ఏమనుకోకండి' అని చెప్పమనండి. నేను చూసిన వీధుల్లో ఈ ఒక్క మాటతో ఫోన్ నంబర్లు మార్చుకున్నారు, బిడ్డ పుట్టాక ఉన్ని టోపీ అల్లి ఇచ్చినవాళ్లున్నారు. ఏదైనా తినేది పట్టుకెళ్తే జీడిపప్పు, వేరుశనగ ఉన్నాయేమో ముందే చెప్పాలి. అక్కడ ఆ అలర్జీని చాలా జాగ్రత్తగా చూస్తారు.

ఇక వైద్యం సంగతి. దాని గురించి మీరు నిద్ర పాడుచేసుకోవద్దు. ప్రభుత్వ వైద్యంలో గర్భిణికి మిడ్‌వైఫ్ అని ఒక నర్సమ్మ ఉంటుంది. నెలనెలా చూసేది ఆమే. రాత్రయినా పగలైనా ఫోన్ చెయ్యడానికి నంబర్ ఇచ్చే ఉంటారు. ఆ నంబరు పాప దగ్గరే కాదు, అల్లుడి ఫోన్‌లో, మీ ఫోన్‌లో కూడా ఉండాలి. కాన్పయ్యాక మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చి చూస్తుంది. ఆ తర్వాత హెల్త్ విజిటర్ అనే ఇంకో నర్సమ్మ వస్తుంది, బిడ్డ బరువు, తల్లి మనసు రెండూ కనుక్కుంటుంది. కాన్పుకి ముందు జరిగే క్లాసులకి పాపని తప్పకుండా వెళ్లమనండి. అదే చుట్టుపక్కల, అదే నెలలో కాన్పయ్యే అమ్మాయిలు అక్కడ కలుస్తారు. నాకు తెలిసిన మన తెలుగు పిల్లలకి అక్కడ కలకాలం నిలిచిన స్నేహాలు ఈ క్లాసుల్లో దొరికినవే. బిడ్డ పుట్టాక చర్చి హాళ్లలో తల్లులూ పిల్లలూ కూచునే గుంపులుంటాయి. చర్చి అని సందేహించొద్దు, మతం ఎవరూ అడగరు, టీ ఇస్తారు. లైబ్రరీలో పసిపిల్లలకి పాటలు పాడించే రోజులు కూడా ఉంటాయి.

ఒకటి మాత్రం దాచను. చలికాలం కష్టమే. డిసెంబరులో మధ్యాహ్నం మూడూ నలభైకే పొద్దుగూకుతుంది. అల్లుడు చీకట్లో పోయి చీకట్లో వస్తాడు. అప్పుడు ఒంటరితనం గుండెల మీద కూర్చుంటుంది. ఎంత చలైనా కోటు వేసుకుని రోజూ మధ్యాహ్నంలోపు కాసేపు బయట నడవమనండి. మన రంగు ఒంటికి ఆ ఎండ చాలదు. రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోమని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది, గర్భిణులకి మరీ ముఖ్యం. రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే, ఏడుపొస్తుంటే మిడ్‌వైఫ్‌కి చెప్పమనండి. అది వాళ్ల పనిలో భాగం, చిన్నచూపు చూడరు.

మీరు వెళ్లండమ్మా. విజిటర్ వీసా మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తుంది. ఇప్పుడే అప్లై చెయ్యండి, కాన్పుకి ముందే చేరేటట్టు చూసుకోండి. మీరు వెళ్లాక పాపతో పాటు మీరూ ఆ పక్కింటివాళ్లకి కనపడండి. నవ్వితే చాలు, ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు.

మేడమ్, మాది ఒంగోలు. మా తమ్ముడు యార్క్‌లో సెయింట్ పాల్స్ స్క్వేర్ దగ్గర పాత ఇల్లు కొనాలనుకుంటున్నాడు. ఇల్లు లిస్టెడ్ అట. కిటికీలు మార్చడానికి కూడా పర్మిషన్ కావాలంటున్నారు. లక్షల పౌండ్లు పోసి కొన్న సొంత ఇంట్లో మన ఇష్టం లేకపోవడం ఏమిటి? వద్దని చెప్పమంటారా?

వద్దనొద్దు. కానీ తెలిసి కొనమనండి. లిస్టెడ్ అంటే చరిత్ర ఉన్న కట్టడమని దేశం జాబితాలో ఎక్కించిన ఇల్లు. గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు తరగతులు. ఇళ్లలో ఎక్కువభాగం గ్రేడ్ 2. పాత కట్టడాలని చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో ఇంటి పేరు కొడితే జాబితాలో ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. ఆ ఇంటి స్వరూపం మారే పని ఏదైనా, బయటే కాదు లోపల కూడా, కౌన్సిల్ అనుమతి లేకుండా చేస్తే 1990 నాటి చట్టం ప్రకారం నేరం. పాత ఓనరు దొంగచాటుగా చేసిన మార్పుని సరిచెయ్యమని కొత్త ఓనరుకి నోటీసు రావచ్చు, దానికి కాలపరిమితి లేదు. కాబట్టి కొనేముందు, ఇంతకు ముందు చేసిన మార్పులన్నిటికీ అనుమతి కాగితాలు ఉన్నాయా అని లాయరు చేత అడిగించాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

ఇల్లు లిస్టెడ్ కాకపోయినా, ఆ చుట్టుపక్కలంతా కన్జర్వేషన్ ఏరియా, అంటే పాత రూపం చెడకుండా కాపాడే పేట. అక్కడ పెరట్లో ఒక మోస్తరు చెట్టు కొట్టాలన్నా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కి తెలపాలి.

చలి సంగతంటారా, పాత కిటికీ తియ్యకుండా లోపలి వైపు ఇంకో అద్దం బిగించే పద్ధతి ఉంది, దానికి ఒప్పుకోవడం తేలిక. మందపాటి పరదాలు, కిటికీ సందులకి బ్రష్ పట్టీలు వేస్తే సగం చలి ఆగుతుంది. గదులు వేడిగా పెట్టి గాలి ఆడనివ్వకపోతే గోడలకి బూజు పడుతుంది. బట్టలు గదిలో ఆరబెట్టినా అంతే. వంట, స్నానం అయ్యాక కిటికీ కాసేపు తెరవాలి.

ఇక 'మన ఇష్టం లేకపోవడం ఏమిటి' అన్నారు. నాకు ఆ చట్టమంటే గౌరవం. హోల్‌గేట్ పేట మధ్యలో, ఇళ్ల నడుమ, ఒక గాలిమర ఉంది. 1770లో కట్టింది, ఐదు రెక్కలది. చుట్టుపక్కలవాళ్లే సంఘం పెట్టుకుని, ఏళ్ల తరబడి డబ్బు పోగుచేసి, 2012లో మళ్లీ తిరిగేటట్టు చేశారు. ఇప్పుడు అందులో పిండి విసిరి అమ్ముతారు. మా బిట్రగుంటలో నేను పుట్టి పెరిగిన రైల్వే కాలనీ బంగళాల గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. పోయినసారి వెళ్లి చూసినప్పుడు కడుపు తరుక్కుపోయింది. వాటికీ అలాంటి జాబితా, అలాంటి మనుషులు ఉండుంటే బాగుండేది కదా.

సింగరాయకొండ నుంచి: మా మనవడు దీపావళికి యార్క్‌లో టపాకాయలు కాల్చాలని గోల చేస్తున్నాడట. పోలీసులొస్తారా?

రారు, వేళ పాటిస్తే. మామూలు రోజుల్లో రాత్రి 11 దాటాక కాల్చకూడదు. దీపావళి రాత్రి మాత్రం ఒంటిగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. మన పండుగ పేరు వాళ్ల చట్టంలో ఉందంటే నాకెప్పుడూ సంతోషమే. కొనేవాళ్లకి 18 ఏళ్లు నిండాలి. వీధిలో కాదు, సొంత పెరట్లోనే కాల్చాలి. పక్కిళ్లలో కుక్కలు, ముసలివాళ్లు ఉంటే రెండు రోజుల ముందు చీటీ రాసి తలుపు సందులో వెయ్యమనండి. నవంబరు 5న వాళ్లకి కూడా టపాకాయల పండుగే. అది పుట్టడానికి కారణమైన, పార్లమెంటుని పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ 1570లో ఆ ఊళ్లోనే పుట్టాడు. మీ మనవడికి ఆ కథ చెబితే ఇష్టపడతాడు.

నేను పొదిలిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. కొడుకు ఆరు నెలలు వచ్చి ఉండమంటున్నాడు. వాడి ఇల్లు హోల్‌గేట్ దగ్గరే. ఇక్కడ పొద్దున్నే టీ బంకు దగ్గర నలుగురం పేపరు చదువుకుంటాం. అక్కడ పొద్దుపోతుందా?

మాస్టారూ, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. జనవరిలో కాలిబాటల మీద మంచు గడ్డకడుతుంది, మన వయసువాళ్లు జారిపడితే తుంటి ఎముకే విరుగుతుంది. నా డ్యూటీలో ఎంతమందిని చూశానో. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదీ నలభైకి గానీ పొద్దుగూకదు. నిద్రకి నల్ల పరదాలు వేయించుకోండి.

పొద్దున పూట కోటగోడ ఎక్కండి. క్రీస్తుశకం 71లో రోమన్లు వేసిన ఊరు అది. తర్వాత సముద్రం దాటి వచ్చిన వైకింగులు ఏలారు. ఇప్పుడున్న రాతిగోడ చాలావరకు 13, 14 శతాబ్దాలది, చుట్టూ 3.4 కిలోమీటర్లు. పొద్దున 8 నుంచి చీకటి పడేదాకా ఎవరైనా నడవొచ్చు, టికెట్ లేదు. కొన్నిచోట్ల లోపలి వైపు కమ్మీలు లేవు, తడి రోజుల్లో వద్దు. బార్ అంటే అక్కడ కోట ద్వారం. బూథమ్ బార్ నుంచి మాంక్ బార్ దాకా నడిస్తే మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి పక్కనే కనిపిస్తూ ఉంటుంది. దాని తూర్పు కిటికీ రంగుటద్దాలు 1408లో పూర్తయ్యాయి. లోపలికి టికెట్ ఉంది గానీ, సాయంత్రం ప్రార్థనకి వెళ్తే డబ్బులు తీసుకోరు. వెనక బెంచీలో కూర్చుని ఆ పాట వినండి.

నేషనల్ రైల్వే మ్యూజియం మీ అబ్బాయి ఇంటికి దగ్గరే, ప్రవేశం ఉచితం. 1938లో గంటకి 126 మైళ్ల వేగం అందుకుని, ఆవిరి ఇంజన్లలో రికార్డు సాధించిన మల్లార్డ్ అక్కడుంది. అక్కడ వాలంటీర్లుగా ఉండేవాళ్లు చాలామంది రిటైరైనవాళ్లే. ఒక ప్రశ్న అడిగితే అరగంట చెబుతారు. గాలిమర తెరిచే రోజుల్లో అక్కడా అంతే. మీ టీ బంకు స్నేహితుల్లాంటివాళ్లు మీకు దొరికేది ఆ చోట్లే. వెస్ట్ బ్యాంక్ పార్కులో రోజూ ఒకే వేళకి ఒకే బెంచీ మీద కూర్చోండి. కుక్కలని తిప్పేవాళ్లు వారం తిరిగేసరికి మిమ్మల్ని పలకరిస్తారు.

ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కకండి. విజిటర్‌కి ఎమర్జెన్సీ గదిలో చూపు ఉచితమే గానీ, ఆస్పత్రిలో చేర్చుకుంటే బిల్లు వేస్తారు, అది మోయలేనంత ఉంటుంది. బీపీ, షుగర్ మాత్రలు సరిపడా, డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. దైవదర్శనానికి లీడ్స్‌లో గుడి ఉంది. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో వెంకటేశ్వరస్వామి గుడి పెద్దది, ఒక శనివారం కారులో వెళ్లిరావచ్చు.

కోవూరు నుంచి: మా అబ్బాయి యార్క్‌లో ఊజ్ నది ఒడ్డున ఇల్లు చూశాడు. చాలా ప్రశాంతంగా ఉంది, ధర కూడా తక్కువ అంటున్నాడు. 2021 నవంబరులో పెన్నా మా పడుగుపాడు దగ్గర రోడ్డునీ రైలు పట్టానీ ఎలా కోసేసిందో చూసినవాళ్లం. భయంగా ఉంది.

మీ భయం సరైనదే. ఊజ్ దాదాపు ప్రతి చలికాలం ఒడ్డు దాటుతుంది. 2000 నవంబరులో చాలా ఎత్తుకి వచ్చింది. 2015 డిసెంబరు 26న, దాంట్లో కలిసే ఫాస్ అనే చిన్న నది వల్ల మునిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఫాస్‌కి అడ్డుగేటు ఉంది, కానీ పంపుల గదిలోకి నీళ్లొచ్చి కరెంటుకి ముప్పు రావడంతో గేటు ఎత్తెయ్యాల్సి వచ్చింది. అంటే నది కనపడని వీధి కూడా మునగొచ్చు.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి పిన్‌కోడ్ కొడితే వరద ముప్పు ఎంతో చూపిస్తుంది. ముందు అది చూడమనండి. తర్వాత ఇన్సూరెన్స్ ధర అడగమనండి, ఇల్లు కొన్నాక కాదు, అడ్వాన్స్ ఇవ్వకముందే. 2009కి ముందు కట్టిన ఇళ్లకి ఫ్లడ్ రీ అనే పథకం వల్ల వరద ఇన్సూరెన్స్ అందుబాటు ధరలో దొరుకుతుంది. ఆ తర్వాత కట్టిన కొత్త ఇళ్లకి అది వర్తించదు, కొత్తదని మురిసిపోవద్దు. కింది అంతస్తులో స్విచ్చులు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో, గోడకి ప్లాస్టర్ ఎక్కడినుంచి కొత్తగా వేశారో చూడమనండి. మునిగిన ఇల్లు అక్కడ తెలిసిపోతుంది. ఆ తర్వాత అటుపక్క, ఇటుపక్క ఇళ్ల తలుపు తట్టి 2015లో నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడగమనండి. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.